తీరం దగ్గర డాల్ఫిన్ల గుంపు అంటే ఎన్ని? నా లెక్కలో తప్పెక్కడుంది?

గట్టుమీదకాకి:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. రోజూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట తీరంలో ఎత్తైన రాతిగట్టు మీద కూర్చుని బైనాక్యులర్స్‌తో డాల్ఫిన్లను చూస్తుంటాను. ఉద్యోగం కాదు, చదువు కాదు, వ్యసనం అనుకోండి. కనిపించినప్పుడల్లా ఎన్ని ఉన్నాయో నోటుబుక్‌లో రాసుకుంటాను. అన్నీ బాటిల్‌నోస్ రకమే.

గత వారం ఆరుసార్లు కనిపించాయి: 2, 3, 3, 4, 5, 30. సగటు 7.8 వచ్చింది. అంటే దాదాపు ఎనిమిది. తమాషా ఏమిటంటే, ఎనిమిది ఉన్న గుంపును వారం మొత్తంలో ఒక్కసారి కూడా చూడలేదు! మరి ఈ సగటు దేని గురించి చెబుతున్నట్టు?

పైగా చదివిన చోటల్లా ఒక్కో అంకె. ఒకచోట 2 నుంచి 15 అని, ఇంకోచోట వందలని, మరోచోట వేలని రాశారు. ఇంకో సంగతి, నాకు కనిపించేవన్నీ నది వచ్చి కలిసే మూలలోనే. రెండోవైపు ఇసుకతీరం ఎప్పుడు చూసినా ఖాళీ. అక్కడ అసలు ఉండవా, నాకే కనబడట్లేదా?

తెడ్డు:
అన్నా, ముందు ఇది చెప్పు. 30 అని ఎలా తేల్చావు? పైకొస్తాయి, బుస్సుమని ఊపిరి వదులుతాయి, మునుగుతాయి. ఇందాక వచ్చిందే మళ్లీ వచ్చిందో, కొత్తదో ఎవరికి తెలుసు? నేను పడవ మీద పక్కనే ఉండి కూడా పది దాటితే 'చాలా ఉన్నాయి' అనేసి ఊరుకుంటాను.

గట్టుమీదకాకి:
నిజమే అన్నా. 25 పైన అని మాత్రం గట్టిగా చెప్పగలను. 30 అన్నది కొంచెం ఉజ్జాయింపు.

అర్ధరాత్రి_చదువు:
సముద్ర జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, పరీక్షల టెన్షన్‌లో ఉండి కూడా ఇది చూసి ఆగలేకపోయాను. మీరు చదివిన మూడు అంకెలూ తప్పు కాకపోవచ్చు. అవి వేర్వేరు డాల్ఫిన్ల గురించి, వేర్వేరు నీళ్ల గురించి రాసినవి.

తీరాన్ని అంటిపెట్టుకుని తిరిగే బాటిల్‌నోస్‌లకు 2 నుంచి 15 అన్నది మామూలు మాట. అదే జాతి లోతు సముద్రంలో పదులు, వందల్లో కనిపిస్తుంది. మూపురం డాల్ఫిన్లు అయితే దాదాపు ఎప్పుడూ 25 మీటర్ల లోపు లోతులోనే, ఎక్కువగా పది లోపు గుంపుల్లో తిరుగుతాయి. న్యూజిలాండ్ తీరంలోని హెక్టర్స్ డాల్ఫిన్లు 2 నుంచి 8 వరకు కలిసి ఉంటాయి. వందలు, వేలు అని రాసింది కామన్ డాల్ఫిన్లు, స్పిన్నర్ డాల్ఫిన్ల గురించి అయ్యుంటుంది. అవి విశాల సముద్రం సొత్తు. అన్నిటికీ 'డాల్ఫిన్' అనే ఒకే పేరు పెట్టుకున్నందుకు వచ్చిన గందరగోళం ఇది.

ఎందుకిలా అంటే, పాఠం చెప్పినట్టు కాకుండా క్లుప్తంగా: తీరం దగ్గర చేపలు చిన్న చిన్న తావుల్లో, అక్కడొకటి ఇక్కడొకటిగా దొరుకుతాయి. ముగ్గురికి సరిపోయే చోటికి ముప్పై పోతే అందరికీ పస్తే. లోతు సముద్రంలో ఆహారం ఎక్కడుందో వెతకడమే పెద్ద పని, దొరికితే మాత్రం ఒక్కచోటే కుప్పలుగా దొరుకుతుంది. సొరలొస్తే దాక్కోవడానికి చోటు కూడా ఉండదు. కాబట్టి నలుగురితో నారాయణ.

నీలిమబ్బు:
పుస్తకంలో బాగానే ఉంటుంది. కానీ గుంపుగా ఉంటే సొరల నుంచి రక్షణ అనేది నిజమైతే, సొరలు తీరం దగ్గర కూడా ఉంటాయిగా? మరి అక్కడ ఇద్దరు ముగ్గురే ఎందుకు తిరుగుతారు? ఈ 'రక్షణ' సిద్ధాంతాన్ని ఏది దొరికితే దానికి అతికిస్తున్నారని నా అనుమానం.

అర్ధరాత్రి_చదువు:
మంచి ప్రశ్న. ఆస్ట్రేలియా పడమటి తీరంలో షార్క్ బే అనే చోటు ఉంది. 1980ల మొదట్నుంచీ అక్కడి బాటిల్‌నోస్‌లను ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టి చూస్తున్నారు. పిల్లలను పక్కనపెడితే దాదాపు నాలుగింట మూడు వంతుల వాటి ఒంటి మీద సొర కాట్ల మచ్చలున్నాయి. అంటే భయం ఊహ కాదు.

అక్కడ సముద్రపు గడ్డి పెరిగిన తక్కువ లోతు నీళ్లలో చేపలు ఎక్కువ. వెచ్చని నెలల్లో టైగర్ షార్కులు వచ్చేది కూడా అక్కడికే. చలి నెలల్లో సొరలు తగ్గుతాయి, అప్పుడు డాల్ఫిన్లు చేపలు ఎక్కడ ఎక్కువో అక్కడే మేస్తాయి. సొరలు తిరిగి రాగానే, తిండి పుష్కలంగా ఉన్నా సరే, గడ్డి దగ్గరికి వెళ్లడం తగ్గించేస్తాయి. గుంపు విషయానికొస్తే, ప్రమాదం ఎక్కువున్న తక్కువ లోతులోనూ, విశ్రాంతి తీసుకునేటప్పుడూ పెద్ద గుంపుగా ఉంటాయి. మేసేటప్పుడు చెదిరిపోతాయి. మీ ప్రశ్నకు నా జవాబు: భయం గుంపును పెద్దది చేస్తుంది, ఆకలి చిన్నది చేస్తుంది. ఏ గంటలో చూశారన్నదాన్ని బట్టి మీకు ఏదో ఒక వైపు కనిపిస్తుంది.

నీలిమబ్బు:
సరే, ఒప్పుకున్నా. కానీ 'ఆకలి చిన్నది చేస్తుంది' అన్నది అన్నిచోట్లా నిజమేనా? చేపల కుప్ప మీద వందలు చేరిన వీడియోలు నేనే చూశాను.

అర్ధరాత్రి_చదువు:
అన్నిచోట్లా కాదు, మీరు నన్ను పట్టేశారు. అర్జెంటీనా తీరంలో డస్కీ డాల్ఫిన్లు పగలు పదీ పదిహేను చొప్పున విడివిడిగా వెతుకుతాయి. ఒక గుంపుకి నెత్తళ్ల లాంటి చిన్నచేపల దండు దొరికితే, గాల్లోకి ఎగరడం చూసి చుట్టుపక్కల గుంపులు వచ్చి చేరతాయి. అలా మూడు వందల దాకా కూడతాయి. అందరూ కలిసి చుట్టుముడితే దండు చెదరదు, ఎవరికీ నష్టం లేదు. తిండి తీరును బట్టి ఆకలే పెద్దది కూడా చేస్తుందన్నమాట.

అదే డస్కీలు న్యూజిలాండ్‌లోని కైకౌరా దగ్గర పగలు వందల్లో తిరుగుతాయి. అక్కడ ఒడ్డుకు అతి దగ్గరలోనే వెయ్యి మీటర్ల పైన లోతుండే సముద్రపు లోయ ఉంది. రాత్రి లోతుల్లోంచి పైకొచ్చే జీవుల్ని తింటాయి కాబట్టి పగలంతా తీరికే. పిల్లలున్న తల్లులు మాత్రం ఆ పెద్ద గుంపులోంచి విడిపోయి, 20 మీటర్ల లోపు లోతున్న ఒడ్డు నీళ్లకు వెళ్లిపోతాయి. పెద్ద గుంపులో గొడవెక్కువ, పిల్లకు విశ్రాంతి ఉండదు. డాల్ఫిన్లను వేటాడే ఓర్కాలు (కిల్లర్ వేల్స్) వచ్చినా తప్పించుకోవడానికి ఒడ్డు మేలు. ఒకే జాతి, ఒకే తీరం, ఒకే రోజు, రెండు రకాల గుంపులు.

లెక్కలపిచ్చి:
నాకు డాల్ఫిన్ అంటే బొమ్మలో చూడటమే, కానీ ఆ ఆరు అంకెలు చూసి చేతులు ఊరుకోలేదు.

కాకిగారూ, సగటు 7.8 తప్పు కాదు, అది మీ ప్రశ్నకు జవాబు కాదంతే. ఆ ఒక్క 30 మొత్తం సగటును పైకి లాగేసింది. అంకెల్ని వరసలో పెట్టి మధ్యది తీస్తే 3.5 వస్తుంది. 'నేను గట్టు మీద కూర్చుంటే మామూలుగా ఎంత గుంపు కనిపిస్తుంది' అన్నదానికి అదే జవాబు.

ఇప్పుడు తిప్పి చూడండి. గట్టు మీది కాకి వైపు నుంచి కాకుండా, నీళ్లలోని డాల్ఫిన్ వైపు నుంచి. మీ ఆరు గుంపుల్లో మొత్తం 47. వాటిలో 30 ఆ పెద్ద గుంపులోనే ఉన్నాయి. ఒక్కో డాల్ఫిన్‌ని పిలిచి 'నువ్వు ఎంతమందిలో ఉన్నావమ్మా' అని అడిగామనుకోండి. ముప్పై 30 అంటాయి, అయిదు 5 అంటాయి, అలాగే మిగతావి. ఆ జవాబుల సగటు: 4, 9, 9, 16, 25, 900 కలిపితే 963. దాన్ని 47తో భాగిస్తే 20.5. చూసేవాడికి 3.5, డాల్ఫిన్‌కి 20.5. ఒకే వారం, ఒకే అంకెలు.

నిండిన బస్సుల లెక్క లాంటిదే ఇది. బస్సులు సగం ఖాళీగానే నడుస్తున్నాయని డిపోవాళ్లంటారు, ఎప్పుడెక్కినా నిలబడాల్సిందేనని ప్రయాణికుడంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు, ఎందుకంటే ఎక్కువమంది ఎక్కేది నిండిన బస్సే.

గట్టుమీదకాకి:
మాస్టారూ, రెండుసార్లు చదివి నోటుబుక్‌లో నేనే వేసి చూసుకున్నా. 20.5 వచ్చింది! నమ్మలేకపోతున్నా.

ఉప్పునీళ్ళు:
మీరంతా అంకెల మీద పడ్డారు, అసలు గుంపు అంటే ఏంటో ఎవరూ అడగలేదు. నేను రెండేళ్లు సర్వే పడవ మీద నోట్స్ రాసే పని చేశాను. అక్కడ రోజూ జరిగే గొడవ ఇదే.

షార్క్ బే వాళ్లది పది మీటర్ల గొలుసు లెక్క. ఒక డాల్ఫిన్‌కి పది మీటర్ల లోపు ఇంకోటి ఉంటే ఆ రెండూ ఒక గుంపు. ఆ రెండోదానికి పది మీటర్లలో మూడోది ఉంటే అదీ అందులోనే. అలా గొలుసు ఎక్కడ తెగితే అక్కడికి గుంపు అయిపోయినట్టు. ఇంకొందరు వంద మీటర్ల లోపు ఉండి, ఒకే దిక్కున పోతూ, ఒకే పని చేస్తుంటేనే ఒక గుంపు అంటారు. మొదటి లెక్కలో మూడు గుంపులయ్యేవి రెండో లెక్కలో ఒకటే కావచ్చు. ఇది చూడకుండా ఒక చోటి సగటును ఇంకోచోటి సగటుతో పోల్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కాబట్టి కాకిగారూ, గట్టు మీంచి మీరు చూసిన ఆ 30, ఒక గుంపా? ఐదారు చిన్న గుంపులు ఒకే కంటిచూపులో పడ్డాయా?

తెడ్డు:
ఇదే నేనూ అనబోయా. పడవ మీంచి ఇంకో తిరకాసు ఉంది. ఇంజిన్ చప్పుడుకి కొన్ని వస్తాయి, పడవ ముందు లేచే అలమీద స్వారీ చేయడానికి. దూరంగా రెండే ఉన్నాయనుకుని వెళ్తే పడవ ముందు ఏడు ఉంటాయి. ఆ అయిదూ ఆ గుంపువి కావు, ఆటకొచ్చినవి. కొన్ని అయితే మమ్మల్ని చూసి తప్పుకుంటాయి. అందుకే దగ్గరికి వెళ్లకముందే ఒక లెక్క, వెళ్లాక ఒక లెక్క రాసుకుంటే మంచిది.

గట్టుమీదకాకి:
ఒక సంగతి జరిగింది, వినండి. ఉప్పునీళ్ళు గారి ప్రశ్న గుచ్చుకుని, గురువారం సాయంత్రం తీసిన ఫోటోలన్నీ మళ్లీ తిరగేశాను. నా దగ్గరున్నది పాత జూమ్ కెమెరా, ఎక్కువ ఫోటోలు మసకే. కానీ ఒక దాంట్లో వీపు మీది రెక్క స్పష్టంగా పడింది. రెక్క వెనక అంచున రెండు గాట్లు. పైది చిన్నది, గుండ్రంగా. కింద ఉన్నది లోతుగా, కొరికిన ఆకులా. దాని కిందుగా తెల్లటి గీత ఒకటి.

ఎక్కడో చూశాననిపించింది. అదే రోజు పొద్దున తీసిన మూడింటి ఫోటో తెరిచాను. మధ్యలో ఉన్నది అదే. అవే రెండు గాట్లు, అదే తెల్ల గీత.

అంటే నేను పొద్దున 3 అని, సాయంత్రం 30 అని రెండు వేర్వేరు గుంపులుగా రాసుకున్నవాటిలో ఒకే డాల్ఫిన్ ఉంది. ఎన్ని రెండుసార్లు లెక్కలోకి వచ్చాయో మరి.

అర్ధరాత్రి_చదువు:
కాకిగారూ, ఈ పనికి చాలా పాత వంశముంది. 1977లో అచ్చయిన ఒక పరిశోధనలో అర్జెంటీనా తీరంలో రెక్కల ఫోటోలతోనే 53 బాటిల్‌నోస్‌లను విడివిడిగా గుర్తుపట్టారు. గుంపులు 8 నుంచి 22 దాకా ఉండేవి, సగటు 15. కానీ ఆ 15లో ఎప్పుడూ కలిసి ఉన్నవి కొన్నే, మిగతావి వస్తూ పోతూ ఉండేవి.

మీరు చూసింది సరిగ్గా అదే. చాలాచోట్ల తీరపు బాటిల్‌నోస్‌లకు గుంపు అనేది స్థిరమైనది కాదు. గంటకో రకంగా విడిపోయి కలుస్తుంటుంది. షార్క్ బేలో ఓ చూపులో సగటున అయిదు లోపే కనిపిస్తాయి. కానీ అక్కడి మగవి రెండు మూడు కలిసి ఏళ్ల తరబడి జట్టుగా ఉంటాయి, ఆ జట్లు మళ్లీ 4 నుంచి 14 మగవాటి పెద్ద కూటమిలో భాగం. పక్కన కనిపించేది అయిదే అయినా, దాని చుట్టరికం చాలా పెద్దది. సరిగ్గా దీనికి వ్యతిరేకం న్యూజిలాండ్‌లో డౌట్‌ఫుల్ సౌండ్ అనే ఇరుకు సముద్రపాయ. అక్కడ అరవై చిల్లర ఉంటే, గుంపు సగటు 17 దాకా ఉంటుంది, బంధాలు చాలాకాలం చెక్కుచెదరవు.

లెక్కలపిచ్చి:
అయితే నా 47 కూడా పోయింది. అది 47 డాల్ఫిన్లు కాదు, 47 'కనబడటాలు'. మూడున్నరా ఇరవైన్నరా లెక్క పద్ధతిగా సరే, కానీ నీళ్లలో నిజంగా ఎన్ని ఉన్నాయన్నదానికి అవి రెండూ పనికిరావు. దానికి మళ్లీ మళ్లీ ఫోటోలు తీసి, గుర్తుపట్టినవి ఎన్నిసార్లు తిరిగొచ్చాయో చూసి లెక్కకట్టాలి.

నీలిమబ్బు:
రెండో ప్రశ్న గాలికి పోయింది. ఇసుకతీరం వైపు ఎందుకు ఖాళీ?

ఉప్పునీళ్ళు:
అక్కడ మొదట అనుమానించాల్సింది మన కళ్లనే. ఎండ ఎదురుగా ఉంటే నీటి మెరుపులో రెక్క కనబడదు. తెల్ల నురుగు అలలు ఎక్కువైతే, అంటే గాలి, అలల తీవ్రతను చెప్పే బ్యూఫోర్ట్ స్కేలులో 3 దాటితే, మేము సర్వే ఆపేసేవాళ్లం. పైగా దూరంగా ఉన్నప్పుడు రెండు డాల్ఫిన్లు కంటికి తప్పిపోతాయి, ఇరవై ఉంటే తప్పవు. అంటే దూరపు నీళ్లలో పెద్ద గుంపులే ఉంటాయనే అబద్ధం మన నోటుబుక్‌లో దానంతటదే తయారవుతుంది. ఖాళీ అని రాసేముందు ఎంతసేపు, ఎలాంటి వెలుగులో, ఎంత దూరం వరకు చూశారో రాయండి.

అర్ధరాత్రి_చదువు:
కళ్ల తప్పు తీసేశాక కూడా నదీముఖమే గెలిచినా నాకు ఆశ్చర్యం ఉండదు. నది తెచ్చే పోషకాలు, ఉప్పునీరు మంచినీరు కలిసే గీత, ఆటుపోట్ల ఒరవడి, ఇవన్నీ చేపల్ని ఒక ఇరుకులోకి తోస్తాయి. స్కాట్లాండ్‌లోని మోరే ఫర్త్‌లో ఇరుకైన ఒక చోట పోటు ఎక్కుతున్నప్పుడు సాల్మన్ల కోసం డాల్ఫిన్లు వచ్చి కాపు కాస్తాయి. చూడాలనుకునేవాళ్లు గడియారం కాదు, పోటు పట్టిక చూసుకుని వెళ్తారు. మీరు కూడా పొద్దున, సాయంత్రం అని కాకుండా పోటు ఎంత ఎక్కిందో రాయండి.

కానీ చోటు మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. ఆ మోరే ఫర్త్ డాల్ఫిన్లే 1990లలో దక్షిణంగా తూర్పు తీరం వెంట బాగా కిందిదాకా తిరగడం మొదలుపెట్టాయి. కాలిఫోర్నియా తీరపు బాటిల్‌నోస్‌లు ఒడ్డు నుంచి ఒక కిలోమీటరు దాటి దాదాపు పోవు, కానీ 1982-83 ఎల్ నినోలో నీళ్లు వేడెక్కగానే వందల కిలోమీటర్లు ఉత్తరాన మాంటెరే బే దాకా వెళ్లాయి. నీళ్లు చల్లబడ్డాక కూడా కొన్ని వెనక్కి రాలేదు. వాటి ఊరు ఒక చుక్క కాదు, ఒడ్డు వెంట గీసిన సన్నటి పొడుగు గీత.

తెడ్డు:
వలపడవల సంగతి కూడా కలపండి. వల లాగేచోట ఇవి ఉంటాయి. పడవలు ఎటు పోతే అటు.

అర్ధరాత్రి_చదువు:
అవునన్నా, దీనికి భలే ఉదాహరణ ఉంది. ఆస్ట్రేలియాలోని మోర్టన్ బేలో ట్రాలర్ల వెనక తిరిగేవి ఒక వర్గం, తిరగనివి ఒక వర్గం. ఒకే నీళ్లలో ఉంటూ ఒకదానితో ఒకటి దాదాపు కలిసేవి కావు. తర్వాత ట్రాలింగ్ బాగా తగ్గించారు. కొన్నేళ్లకి చూస్తే ఆ రెండు వర్గాలూ కలగలిసిపోయాయి. ఎవరు ఎవరితో తిరుగుతారన్నది కూడా మన వలలు తేల్చేశాయన్నమాట.

రెక్కలరాజా:
ఇంత శ్రమెందుకు బ్రో, డ్రోన్ ఎగరేస్తే పైనుంచి అన్నీ కనిపిస్తాయి. నీళ్ల కింద ఉన్నవి కూడా లెక్కపెట్టొచ్చు.

ఉప్పునీళ్ళు:
నీళ్లు తేటగా ఉంటే నిజమే. నదీముఖం బురదనీళ్లలో డ్రోన్‌కి కూడా రెక్కే దిక్కు. పైగా కిందికి దింపితే బెదురుతాయి.

మోడరేటర్:
డ్రోన్ చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొనసాగించండి. ఒక్క మాట మాత్రం ఇక్కడే చెప్తాను. హవాయిలో స్పిన్నర్లు రాత్రంతా లోతు సముద్రంలో మేసి, పగలు నిద్రకి ఒడ్డు దగ్గరి నీళ్లలోకి వస్తాయి. చూడ్డానికొచ్చిన జనం నిద్రపోనివ్వడం లేదని 2021లో వాటికి సుమారు 45 మీటర్ల లోపు వెళ్లకూడదని నియమం పెట్టారు. మీ చోట ఏ నియమముందో తెలుసుకుని ఎగరేయండి.

గట్టుమీదకాకి:
నోటుబుక్‌లో గీతలు మార్చాను. ఇప్పుడు కనిపించిన సమయం, పోటు, వెలుగు, ఎంతసేపు చూశాను, గొలుసు లెక్కలో ఎన్ని, మొత్తం కంటిచూపులో ఎన్ని, ఏం చేస్తున్నాయి, రెక్క ఫోటో. ఖాళీగా ఉన్న రోజులు కూడా రాస్తున్నా, ఇన్నాళ్లూ అవి వదిలేశాను. తిట్టుకుంటున్నా.

ఇవాళ పొద్దున నదీముఖం దగ్గర 4. పోటు సగం ఎక్కింది. మేస్తున్నాయి, ఒక్కోటి ఒక్కో దిక్కున. గాట్ల రెక్కది లేదు.

తెడ్డు:
అన్నా, నీ గాట్ల రెక్కది మాకు కనిపించింది! పొద్దున్నే, నువ్వు ఖాళీ అంటున్న ఇసుకతీరం వైపు, నదీముఖం నుంచి ఏడు కిలోమీటర్లు ఉంటుందేమో. ఒడ్డుకి మరీ దగ్గరగా ఉన్నాయి, నీ గట్టు మీంచి కనబడవు. మొత్తం ఆరు. ఫోటో పెట్టాను చూడు, కాస్త వంకరగా వచ్చింది, పడవ ఊగుతోంది.

గట్టుమీదకాకి:
అదే అన్నా. రెండు గాట్లూ ఉన్నాయి, గీతా ఉంది. దాని పక్కన అతుక్కుని పిల్ల ఒకటి ఉంది, చూశావా? నా నోటుబుక్‌లో ఆ పిల్ల ఎక్కడా లేదు. గురువారం ఫోటోలు మళ్లీ తీస్తున్నా.